పెన్న పొంగితే సోమశిల గేట్లు ఎత్తినట్లేనా?

సంపాదకులు గారికి,

నమస్కారం.

డిగ్రీలో తత్వశాస్త్రం చదివే విద్యార్థుల కోసం మీ పత్రిక విద్యా పుటలో ఇటీవల ప్రచురించిన తర్కదోషాల పాఠాన్ని శ్రద్ధగా చదివాను. ఒక తెలుగు దినపత్రిక లాజిక్‌కు ముప్పావు పుట కేటాయించడం ఈ రోజుల్లో విశేషమే కనుక ముందుగా అందుకు అభినందనలు తెలుపుతున్నాను. అయితే ఆ పాఠంలో ఒక వాక్యం తప్పు; పాఠం నడిచిన తీరులో అంతకంటే పెద్ద చిక్కు ఉంది. కళాశాలలో చాలాకాలం తర్కం బోధించి విరమించిన వ్యక్తిగా ఈ రెండింటి గురించి కొంత వివరంగా రాయవలసి వస్తోంది. ఉత్తరం నిడివి ఎక్కువనిపిస్తే కత్తిరించే అధికారం మీకు ఎలాగూ ఉంది గానీ, ఉదాహరణలను మాత్రం సగంలో తెంచవద్దని మనవి.

తప్పు వాక్యం ఇది: ‘నిజమైన నిర్ణయానికి చేర్చే వాదమే సక్రమమైన వాదం.’ తర్కం చదవడానికి వచ్చిన విద్యార్థి అన్నిటికంటే ముందు వదిలించుకోవలసిన అభిప్రాయం సరిగ్గా ఇదే. వాదం సక్రమమా కాదా అన్నది దాని నిగమనం, అంటే చివర తేల్చిన మాట, నిజమా అబద్ధమా అన్నదాన్ని బట్టి తేలదు. ఆధారవాక్యాలన్నీ నిజమని ఒప్పుకున్న తరువాత కూడా నిగమనాన్ని కాదనడానికి వీలుందా, లేదా? ఈ ఒక్క ప్రశ్నను బట్టి తేలుతుంది. ‘చేపలన్నీ ఉప్పునీటిలోనే బతుకుతాయి, కొర్రమీను చేప, కాబట్టి కొర్రమీను ఉప్పునీటిలోనే బతుకుతుంది’ అని ఎవరైనా అంటే నెల్లూరు చేపల మార్కెట్‌లో అందరూ నవ్వుతారు. చెరువుల్లోనూ కుంటల్లోనూ పెరిగే కొర్రమీనును ఎరగనివారు ఈ జిల్లాలో లేరు. అయినా ఆ వాదం నూటికి నూరుపాళ్లు సక్రమమైనది. మొదటి వాక్యాన్ని ఒప్పుకున్నవాడు మూడో వాక్యాన్ని తప్పించుకోలేడు. తప్పంతా ఆ మొదటి వాక్యం అబద్ధం కావడంలో ఉంది గానీ, దాని నుంచి నిగమనాన్ని రాబట్టిన పద్ధతిలో లేదు.

దీనికి ఎదురుగా మరో వాదం పెడతాను. ‘నెల్లూరు జిల్లా ఊళ్లన్నీ ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి, కావలి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, కాబట్టి కావలి నెల్లూరు జిల్లాలో ఉంది.’ ఇందులో మూడు వాక్యాలూ నిజాలే, అయినా వాదం చెల్లదు. కావలి అన్న చోట కర్నూలు అని రాసి చూడండి. మొదటి రెండు వాక్యాలూ నిజంగానే ఉంటాయి, మూడోది మాత్రం పచ్చి అబద్ధమై కూర్చుంటుంది. అంటే కావలి విషయంలో మనకు దొరికిన నిజం ఆ వాదం వల్ల దొరికింది కాదు, మనకు ముందే తెలిసిన భూగోళం వల్ల దొరికింది. మీ పాఠంలోని నిర్వచనం ప్రకారం చూస్తే కొర్రమీను వాదం అక్రమం, కావలి వాదం సక్రమం అవుతాయి; అసలు సంగతి దానికి పూర్తిగా తలకిందులు. ధాన్యం కొలిచే తూము సరిగ్గా ఉన్నా అందులో తాలు పోస్తే తాలే కొలుస్తుంది. తూముది తప్పు కాదు, కానీ ఇంటికి చేరేది బియ్యమూ కాదు. తూమూ సరిగ్గా ఉండి గింజా గట్టిదైనప్పుడు, అంటే వాదరూపం సక్రమమై ఆధారవాక్యాలు కూడా నిజమైనప్పుడు, దాన్ని దృఢమైన వాదం అంటారు. ఈ రెండు పరీక్షలను విడివిడిగా చేయడం రాని విద్యార్థికి దోషాల పేర్లు ఎన్ని చెప్పినా ప్రయోజనం స్వల్పం.

పై ఉదాహరణలో నేను చేసిన పని, అంటే రూపాన్ని అలాగే ఉంచి పదాలను మార్చి చూడడం, తర్కంలో అన్నిటికంటే చవకైన, అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ తన వాదరూపాల్లో చెల్లనివాటిని తోసిపుచ్చింది ఈ పద్ధతితోనే. ఆయన మొదలుపెట్టగా తరువాతివారు పూర్తిచేసిన లెక్క ప్రకారం మూడు వాక్యాల వాదానికి 256 రూపాలు సాధ్యం; వాటిలో సంప్రదాయం ఒప్పుకున్నవి 24 మాత్రమే. ఆధునిక తర్కం ఇంకా కఠినంగా ఉండి, ‘అన్నీ’ అని చెప్పినంత మాత్రాన అవి ఉన్నట్లు అనుకోకూడదన్న కారణంతో అందులో తొమ్మిదింటిని తీసివేసి 15నే అంగీకరిస్తుంది. బ్యాంకు పరీక్షలకు తయారయ్యే మన పిల్లలు ఈ 24నూ వృత్తాలు గీసి నిమిషంలో తేల్చేస్తారు; నెల్లూరు, ఒంగోలు కోచింగ్ సెంటర్లలో దానికి బాగా తర్ఫీదు ఇస్తారు. కానీ అదే విద్యార్థి సాయంత్రం ఊరి రచ్చబండ దగ్గర కావలి వాదం లాంటిది వింటే తల ఊపుతాడు. నిగమనం నచ్చితే వాదాన్ని పరీక్షించాలని ఎవరికీ తోచదు.

ఇక మీ పాఠంలో ఒకటో అంశంగా ఇచ్చిన దోషానికి వస్తాను. ‘ఇది జరిగితే అది జరుగుతుంది, అది జరిగింది, కాబట్టి ఇది జరిగింది’ అనడం ఉత్తరాంగాన్ని, అంటే షరతు తరువాత వచ్చే ఫలితభాగాన్ని, అంగీకరించే దోషమని ఒక్క వాక్యంలో చెప్పి పాఠం ముందుకు వెళ్లిపోయింది. ఆగవలసిన చోటు అదే. మన జిల్లాకు తగిన ఉదాహరణ తీసుకుందాం. సోమశిల జలాశయం గేట్లు ఎత్తితే నెల్లూరు దగ్గర పెన్నలో నీరు పెరుగుతుంది. ఇది నిజమని ఒప్పుకుంటే దీని నుంచి నాలుగు దారులు చీలుతాయి. గేట్లు ఎత్తారు కనుక నీరు పెరుగుతుందని చెప్పడం సక్రమం. నీరు పెరగలేదు కనుక గేట్లు ఎత్తలేదని చెప్పడమూ సక్రమమే. నీరు దిగువకు చేరడానికి పట్టే సమయం గడిచిపోయిందన్న షరతును మొదటి వాక్యంలోనే చేర్చుకోవాలి. నీరు పెరిగింది కనుక గేట్లు ఎత్తారనడం చెల్లదు, ఎందుకంటే సోమశిలకు దిగువన పెన్నలో కలిసే వాగులు ఉన్నాయి, ఈశాన్య రుతుపవనాల కాలంలో అక్కడ కురిసిన వాన ఒక్కటే నదిని పెంచగలదు. నాలుగోది అన్నిటికంటే ప్రమాదకరమైనది: ‘గేట్లు ఎత్తలేదట, కాబట్టి నీరు రాదు’ అని పొర్లుకట్ట పక్కన నిశ్చింతగా పడుకోవడం. పూర్వాంగాన్ని, అంటే షరతును, కాదని ఉత్తరాంగాన్ని కూడా కాదనే ఈ దోషం మీ పట్టికలో అసలు లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆకాశం చూస్తూ బతికే జిల్లాలో ఈ ఒక్క దోషాన్ని విడమరిచి చెప్పి ఉంటే పాఠం ధన్యమయ్యేది.

అయితే ‘నీరు పెరిగింది కాబట్టి గేట్లు ఎత్తారు’ అన్నవాడిని దోషి అని ముద్ర వేసి పంపేయడం న్యాయమేనా అన్నది నా అసలు ప్రశ్న. ఫలితాన్ని చూసి కారణాన్ని ఊహించకుండా వైద్యుడు జ్వరానికి మందు రాయలేడు, మెకానిక్ ఆగిపోయిన మోటారును బాగుచేయలేడు. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ఈ విషయాన్ని ఎంత జాగ్రత్తగా పట్టుకున్నదో చూడండి. గౌతముని న్యాయసూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యంలో, కార్యం నుంచి కారణాన్ని ఊహించే అనుమానానికి (శాస్త్రంలో అనుమానమంటే సందేహం కాదు, హేతువును బట్టి ఊహించి తెలుసుకోవడం) ‘శేషవత్’ అని పేరు. దానికి ఇచ్చిన ఉదాహరణ, ఆశ్చర్యంగా, నదే. నది నిండుగా, వడిగా పారుతుంటే ఎగువన వాన పడిందని ఊహిస్తాం. సూత్రకారుడు రెండో అధ్యాయం మొదటి ఆహ్నికంలో (భాగంలో) తనకు తానే ఆక్షేపణ తెచ్చుకున్నాడు: అడ్డుకట్ట వల్ల కూడా నది నిండవచ్చు కదా, చీమలు గుడ్లు మోసుకుపోతుంటే వాన వస్తుందని ఊహిస్తాం గానీ పుట్ట చెదిరినా అవి మోసుకుపోతాయి కదా, కూత విని నెమలి ఉందని ఊహిస్తాం గానీ ఆ కూతను మనిషి అనుకరించవచ్చు కదా, మరి అనుమానం ప్రమాణమెలా (నమ్మదగిన జ్ఞానసాధనమెలా) అవుతుంది? దానికి సమాధానం, ఆ సందర్భాల్లో మనం చూసింది అసలు హేతువు కాదు, హేతువులా కనిపించే మరొకటి అని. అడ్డుకట్ట వల్ల నిండిన నీటికీ, వానవల్ల వచ్చిన వరదకూ తేడా ఉంది. వరదనీటిలో వడి ఉంటుంది, నురగ ఉంటుంది, ఆకులూ పండ్లూ కట్టెలూ కొట్టుకొస్తాయి. ఆ విశేషాలతో కూడిన నిండుతనమే హేతువు, ఉట్టి నిండుతనం కాదు.

ఈ సమాధానంలో ఉన్న పాఠాన్ని విద్యార్థికి అందించడమే బోధకుడి పని అని నా నమ్మకం. దోషం కనబడగానే వాదాన్ని పారేయకుండా, హేతువుకు ఏ విశేషణం చేర్చితే వాదం నిలబడుతుందో వెతకాలి. పెన్నలో నీరు పెరిగిందన్న ఒక్క మాట చాలదు. దిగువ వాగుల పరీవాహకంలో వాన లేదని, అయినా నీరు పెరిగిందని తెలిస్తే గేట్లు ఎత్తారన్న ఊహ బలపడుతుంది. నిశ్చయం కాదు, బలపడుతుంది, అంతే. నిశ్చయంగా రాబట్టే నిగమన తర్కానికీ, బలాబలాలు తూచే ఆగమన తర్కానికీ ఉన్న ఈ తేడాను మీ పాఠం ఎక్కడా ప్రస్తావించలేదు.

హేతువుకు విశేషణం వెతకడమన్న ఈ పద్ధతిని న్యాయశాస్త్రం తరువాతి కాలంలో ‘ఉపాధి’ (దాగి ఉన్న షరతు) అన్న ఆలోచనగా పదును పెట్టింది. దీన్ని బాలురకు అర్థమయ్యేలా చెప్పినవాడు మన తెలుగువాడే. 17వ శతాబ్దానికి చెందిన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం నేటికీ దేశమంతటా న్యాయశాస్త్రం మొదలుపెట్టే విద్యార్థికి మొదటి పుస్తకం. మీ పాఠం అన్నంభట్టు పేరు తలవకపోవడం నాకు కొంత బాధ కలిగించిన మాట వాస్తవం. ‘కొండ మీద నిప్పు ఉంది, పొగ ఉంది కనుక, పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటగదిలో లాగా, ఈ కొండ అలాంటిదే, కాబట్టి కొండ మీద నిప్పు ఉంది’ అన్న అయిదు అవయవాల వాదం అందరికీ తెలిసిందే. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని వాటి పేర్లు. ఇప్పుడు దీన్ని తిప్పి, ‘కొండ మీద పొగ ఉంది, నిప్పు ఉంది కనుక’ అంటే ఏమవుతుంది? చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. నిప్పుకు పచ్చి కట్టె తోడైతేనే పొగ వస్తుంది. ఆ పచ్చి కట్టె తోడవడమే ఇక్కడ ఉపాధి. వాది చెప్పని, చాలాసార్లు వాదికే తెలియని షరతు అన్నమాట. వంటగదిలో గ్యాస్ పొయ్యి వచ్చిన తరువాత పొగ లేని నిప్పును పిల్లలు రోజూ చూస్తున్నారు కనుక ఈ రెండో ఉదాహరణ ఇనుప గుండు అవసరం లేకుండానే వారికి అర్థమవుతుంది. మొదటి ఉదాహరణకే ఇప్పుడు వివరణ కావాలి.

మరొక మాట. అరిస్టాటిల్ తర్కం రూపాన్ని మాత్రమే చూస్తుంది, కొర్రమీను వాదాన్ని దాటనిస్తుంది. న్యాయశాస్త్రం దాటనివ్వదు, ఎందుకంటే వ్యాప్తి, అంటే ‘పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది’ లాంటి నియమం, చెప్పినవాడు ఉదాహరణ కూడా చూపాలి, వ్యాప్తి తప్పే చోటు కనబడితే వాదం అక్కడే కూలుతుంది. కావలి వాదాన్ని రెండు పద్ధతులూ తప్పుపడతాయి: ఒకటి మధ్యపదం (‘ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవి’) ఏ ఆధారవాక్యంలోనూ పూర్తిగా వ్యాపించలేదని, అంటే అలా ఉన్నవాటన్నిటి గురించి ఏ వాక్యమూ చెప్పలేదని, రెండోది హేతువు సాధ్యం (రుజువు చేయదలచిన అంశం) లేని చోట కూడా ఉంది కనుక సవ్యభిచారమని. ఏది గొప్పదన్న పోటీ అనవసరం. రెండూ చదివిన విద్యార్థి ఒకే లోపాన్ని రెండు వైపుల నుంచి చూడగలుగుతాడు.

ఉపాధిని వెతకడం ఎంత అవసరమో మన జిల్లాకు 2021 మే నెలలో అనుభవమే. కోవిడ్ రెండో ఉధృతిలో కృష్ణపట్నంలో పంచిన నాటు మందు కోసం వేలాది మంది తరలివచ్చారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, పరిశీలన జరిపించి, ఆ నెలాఖరున కంట్లో వేసే చుక్కలు మినహా మిగిలినవాటికి అనుమతి ఇచ్చింది. ఆ మందు మంచిదా కాదా అన్న తీర్పు చెప్పడం నా పని కాదు, తర్కం పని కూడా కాదు. ఆ రోజుల్లో ఇరుపక్షాలూ చేసిన వాదాలు మాత్రం పాఠ్యపుస్తకంలో పెట్టదగినవి. ‘మందు వేసుకున్నారు, కోలుకున్నారు, కాబట్టి మందు వల్ల కోలుకున్నారు’ అన్నది మొదటి పక్షం. మందు వేసుకోనివారిలో కూడా అత్యధికులు కోలుకున్నారన్న సంగతిని పక్కన పెడితే తప్ప ఈ వాదం నిలవదు. వేసుకున్నవారినీ వేసుకోనివారినీ, వయసూ జబ్బు తీవ్రతా సమానంగా ఉన్నవారిని ఎంచి, పోల్చి చూసినప్పుడే మందు ప్రభావం గురించి మాట్లాడగలం. రెండో పక్షం వారు కొందరు ‘ఇచ్చేవాడికి డిగ్రీ లేదు, కాబట్టి మందు పనిచేయదు’ అన్నారు. డిగ్రీ మనిషికి ఉంటుంది, ఆకులకు ఉండదు. ఆకుల గుణం ఆ మనిషి చదువును బట్టి మారదు కనుక ఇదీ చెల్లని వాదమే. తమను తాము శాస్త్రీయ దృష్టి గలవారమని చెప్పుకున్నవారు చేసిన వాదం కావడం వల్ల నాకు ఇది మొదటిదానికంటే ఎక్కువ కష్టంగా తోచింది.

మరో జంట కూడా ఉంది. ‘హాని చేసినట్లు రుజువు లేదు, కాబట్టి గుణం ఉంది’ అని ఒకరు, ‘గుణం ఉన్నట్లు రుజువు లేదు, కాబట్టి గుణం లేదు’ అని మరొకరు. రెండింటినీ మీ పాఠం అజ్ఞానాశ్రయ దోషమనే ఒకే గాట కట్టేస్తుంది. కానీ ‘రుజువు లేదు’ అన్నది ఎల్లవేళలా పనికిరాని హేతువు కాదు. బల్ల మీద కుండ ఉంటే కనబడాలి, వెలుతురు ఉంది, చూశాను, కనబడలేదు, కాబట్టి కుండ లేదు. ఇది సక్రమమైన జ్ఞానమే. ఉంటే కనబడవలసినదై ఉండి కనబడకపోవడాన్ని మన పూర్వులు యోగ్యానుపలబ్ధి అన్నారు. ప్రశ్న ఇక్కడ ‘వెతకవలసిన చోట, వెతకవలసిన తీరులో వెతికామా’ అని. వెతికిన తరువాత రుజువు దొరకకపోతే అది చెప్పుకోదగిన సంగతే. వెతకకుండానే దొరకలేదంటే అది ఏ సంగతీ కాదు.

కారణాలను సరిగ్గా వెతికిన ఉదాహరణ కూడా ఈ గడ్డ మీదే ఉంది కనుక చెబుతాను. భారతదేశంలో ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు మొదట గుర్తించి 1937లో వైద్యపత్రికలో వివరించింది నాటి నెల్లూరు జిల్లా నుంచే. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970లో కొత్త జిల్లాలోకి వెళ్లాయి, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు; అక్కడి వారికి ఈ జబ్బు గురించి నేను చెప్పవలసిందేమీ లేదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే పళ్లకు గార, ఎముకలకు వంకర వస్తాయి. దీన్ని కర్మ అనో శాపం అనో అనుకునేవారికి సమాధానం ఎలా చెప్పాలి? ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టువార్ట్ మిల్ 1843లో చెప్పిన పద్ధతులు ఇక్కడ చక్కగా ఉపయోగపడతాయి. జబ్బు ఉన్నవారందరిలో సమానంగా ఉన్న అంశమేమిటి, మిగతా అన్నీ ఒకేలా ఉండి ఒక్క బావి మారితే జబ్బు మారుతున్నదా, నీటిలో ఫ్లోరైడ్ పెరిగిన కొద్దీ జబ్బు పెరుగుతున్నదా అని వరుసగా అడగడమే ఆ పద్ధతుల సారం. ఇందులో ఒక మెలిక ఉంది. పొరుగూరి నుంచి కోడలిగా వచ్చిన స్త్రీ ఇరవై ఏళ్లు అదే నీరు తాగినా ఆమె పళ్లకు గార పట్టకపోవచ్చు. ‘అదే నీరు తాగినా ఆమెకు రాలేదు, కాబట్టి నీరు కారణం కాదు’ అని ఒక తెలివైన విద్యార్థి లేచి అంటే, అతడి వాదాన్ని ఏ దోషం పేరుతోనూ కొట్టిపారేయలేం. వ్యతిరేక ఉదాహరణ చూపడం తర్కంలో గొప్ప గుణం. సమాధానం ఉపాధిలో దొరుకుతుంది. పళ్లు ఏర్పడే చిన్న వయసులో ఆ నీరు తాగితేనే పళ్లకు గార వస్తుంది. ఎముకలకు వచ్చే ముప్పుకు ఆ వయోపరిమితి లేదు. వ్యాప్తిని ఆ మేరకు సవరించాలి. విద్యార్థి ఆక్షేపణ వల్ల సిద్ధాంతం కూలలేదు, కచ్చితమైంది.

మీ పాఠం నడిచిన తీరుపై నా అభ్యంతరం ఇక్కడ స్పష్టమై ఉంటుందని భావిస్తున్నాను. ‘ఎదుటివారి వాదంలో దోషం పేరు పట్టుకోగలిగితే చర్చలో గెలిచినట్లే’ అని మీ పాఠం చివర రాసి ఉంది. ఎదుటివాడి వాదం దోషయుక్తమైతే తేలేది ఒక్కటే, ఆ వాదం అతడి నిగమనాన్ని నిలబెట్టలేదని. నిగమనం అబద్ధమని తేలదు. అది నిజమే అయి ఉండి, వేరొక మంచి వాదం దానికి ఉండవచ్చు. కావలి నెల్లూరు జిల్లాలోనే ఉంది కదా. దోషం చూపి నిగమనాన్నే కొట్టివేసేవాడు తానూ అదే తరగతి దోషం చేస్తున్నాడు.

వ్యక్తిదూషణ అన్న పేరు కూడా అలాగే అతిగా వాడుతున్నారు. మనిషి గుణాన్ని చూసి అతడి తర్కాన్ని కాదనడం దోషమే. కానీ సాక్షి తాను కళ్లారా చూశానని చెప్పే మాటకు అతడి మాటే ప్రమాణం. అలాంటప్పుడు అతడు అబద్ధాలకోరా, ఈ వ్యవహారంలో అతడికి లాభముందా అని అడగడం దోషం కాదు, అవసరం. ఆప్తవాక్యమే (నమ్మదగినవాడి మాటే) శబ్దప్రమాణం, అంటే మాట ద్వారా తెలుసుకోవడానికి ఆధారం, అన్నప్పుడు ఆప్తుడా కాదా అన్న విచారణ అందులోనే ఉంది. ఉన్నవి రెండే దారులన్నట్లు చూపే ‘ఇదో అదో’ దోషానికి మన జిల్లా చరిత్రలోనే ఉదాహరణ ఉంది. 1992లో దూబగుంట స్త్రీలు సారాకు ఎదురు తిరిగినప్పుడు ‘ఆబ్కారీ ఆదాయం కావాలంటే సారా ఉండాలి, సారా వద్దంటే సంక్షేమం వదులుకోవాలి’ అన్న ధోరణి బలంగా వినిపించింది; ఆదాయానికి మూడో దారి లేదన్న వాక్యాన్ని ఎవరూ రుజువు చేయలేదు, ఊరికే దాచిపెట్టారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో నిషేధం సడలింది కాబట్టి ఆ స్త్రీల వాదం తప్పని తేలిందని ఇప్పటికీ కొందరు అంటుంటారు. అమలు ఆగిపోవడం వేరు, వాదం తప్పడం వేరు.

పేర్లతో కొట్టే ఈ అలవాటును మన శాస్త్రం ముందే ఊహించింది. తత్వం తెలుసుకోవడానికి చేసే చర్చ వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, తన పక్షమే లేకుండా ఎదుటివాడిని పడగొట్టడానికి చేసేది వితండ. టీవీ చర్చలు ఈ మూడింటిలో ఏ కోవకు వస్తాయో పాఠకులకు వదిలేస్తాను. మాటకు లేని అర్థం అంటగట్టి ఖండించడాన్ని ఛలం అన్నారు. చర్చలో ఓడిపోయినట్లు తేల్చే నిగ్రహస్థానాలు న్యాయసూత్రాల్లో 22. వాటిలో ఒకటి పర్యనుయోజ్యోపేక్షణం, అంటే ఎదుటివాడు దోషం చేసినా పట్టుకోలేకపోవడం. దాని పక్కనే నిరనుయోజ్యానుయోగం ఉంది. దోషం లేనిచోట దోషం ఉందని ఆరోపించడం అన్నమాట. అలా ఆరోపించినవాడే ఓడినట్లు లెక్క. ఈ రెండో నియమం మన విద్యార్థులకు తెలిస్తే సగం చర్చలు మర్యాదగా సాగుతాయి.

ఇక ఆచరణలోకి వస్తాను. అధ్యాపక అర్హతకు రాసే యూజీసీ నెట్ పరీక్ష మొదటి పేపర్‌లో 2019 నుంచి వ్యాప్తి, హేత్వాభాసలు (హేతువులా కనిపించే దోషాలు), ప్రమాణాలు అన్ని సబ్జెక్టుల అభ్యర్థులూ చదవవలసిన అంశాలయ్యాయి కనుక మీ విద్యా పుటకు పాఠకుల కొరత ఉండదు. తరువాతి పాఠాల్లో మొదట సక్రమతను, పదాలు మార్చి చూసే పరీక్షను చెప్పి, ఆ తరువాతే దోషాల్లోకి వెళ్లాలని నా సూచన. నేను మొదట ఎత్తిచూపిన నిర్వచనానికి సవరణ వేయడం తప్పనిసరి, ఎందుకంటే విద్యార్థులు మీ పుటను కత్తిరించి నోట్సులో అంటించుకుంటారు. ప్రశ్నల తీరు కూడా మారాలి. ‘ఈ కింది వాదంలోని దోషం పేరు రాయండి’ అన్న ప్రశ్నకు బదులు ‘ఈ వాదం నిలబడాలంటే ఏ ఆధారవాక్యం చేర్చాలి, అది నిజమని మీకు ఎలా తెలుస్తుంది’ అని అడగండి. దానికి ముడిసరుకు మీ దగ్గరే ఉంది: పాఠకుల లేఖల్లో, మీ సంపాదకీయాల్లో కూడా. పేర్లు తీసివేసి వారానికి ఒక వాదాన్ని ప్రచురించి, కావలి, గూడూరు, కందుకూరు, ఒంగోలు కళాశాలల విద్యార్థుల నుంచి జవాబులు ఆహ్వానించవచ్చు. నా ఈ ఉత్తరంతో మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు. అటువంటి వాదాలను జవాబులతో సహా సిద్ధం చేసి మీ కార్యాలయానికి పంపగలను. అందుకు పారితోషికం అక్కర్లేదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత తర్కశాస్త్ర ఉపన్యాసకుడు,
కావలి, నెల్లూరు జిల్లా.